డోనెగల్ తీరం విడిచిన కొలంబా

సెయింట్ కొలంబా అనే పేరు మన దేశంలో కొత్తదేమీ కాదు. ఢిల్లీలో ఆ పేరుతో పేరుమోసిన పాఠశాల ఉంది. జార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో డబ్లిన్ విశ్వవిద్యాలయ మిషనరీలు 1899లో ఆ పేరుతోనే కళాశాల స్థాపించారు. పిల్లల్ని ఆ గేటు దగ్గర దింపి వచ్చే తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఆ పేరుగల మనిషి ఎవరో తెలుసునన్నది అనుమానమే. సెమినరీలో సంఘ చరిత్ర చదివే రోజుల్లో మాకూ ఆయన ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోయాడు. 563లో ఐర్లండ్ నుండి స్కాట్లాండ్‌కు సువార్త తీసుకెళ్ళిన మిషనరీ, ఐయోనా ద్వీపంలో మఠ స్థాపకుడు, 597లో మరణం. పరీక్షకు అంతమాత్రం సరిపోయింది. ఆయన తన దేశం ఎందుకు విడిచిపెట్టాడన్న ప్రశ్న అప్పట్లో మాకు తోచలేదు. చాలా ఏళ్ళ తర్వాత తోచింది. అప్పటికి మేము కాపరులమయ్యాం, సంఘాల్లో గొడవలంటే ఏమిటో చూశాం, కొన్నింటిలో మా పాలు కూడా ఉంది.

కొలంబా కథ డోనెగల్‌లో మొదలవుతుంది. ఐర్లండ్ పటం తెరిస్తే పైన ఎడమ మూలన, అట్లాంటిక్ సముద్రం కొరికి కొరికి వదిలినట్టుండే ప్రాంతం అది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. విస్తీర్ణం దాదాపు 4,860 చదరపు కిలోమీటర్లు. ఐర్లండ్ ద్వీపానికి ఉత్తరపు కొస అయిన మాలిన్ హెడ్ ఈ కౌంటీలోనే ఉంది. విచిత్రమేమిటంటే బ్రిటన్ పాలనలో ఉన్న ఉత్తర ఐర్లండ్ కంటే ఇది ఇంకా ఉత్తరానికి పోతుంది గానీ, ఉండేది మాత్రం ఐర్లండ్ రిపబ్లిక్‌లో. తక్కిన రిపబ్లిక్‌తో భూమి మీద దీనికున్న సరిహద్దు కొద్ది కిలోమీటర్లే. మూడు పక్కల సముద్రమో పరాయి సరిహద్దో అయితే అక్కడి మనుషులకు దూరంగా ఉన్నామన్న భావం ఎప్పుడూ పోదు.

నేల కూడా కలిగిన నేల కాదు. మధ్యలో డెర్రీవే కొండలు, తెల్లని రాతితో గోపురంలా నిలిచిన ఎరిగల్ శిఖరం, 751 మీటర్లు. మన తిరుమల కొండలకంటే ఎత్తేమీ కాదు గానీ చుట్టూ బోసినేల కాబట్టి ఎక్కడినుండి చూసినా అదే కనిపిస్తుంది. పడమట స్లీవ్ లీగ్ కొండ సముద్రంలోకి నిట్టనిలువునా 601 మీటర్లు దిగుతుంది. లోయల్లో నేలంతా బురద పీట్. నాచూ గడ్డీ వేల సంవత్సరాలుగా నీటిలో కుళ్ళీ కుళ్ళకా పేరుకుని నల్లగా మారిన మన్ను అది. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వేసుకోవడం తరతరాలుగా అక్కడి ఆచారం. వర్షం, గాలి, మళ్ళీ వర్షం. పంట తక్కువ, పశువులు ఎక్కువ. ఒకడి ఆస్తిని ఆవుల లెక్కన చెప్పుకునే కాలంలో ఆ నేల మీద కొలంబా పుట్టాడు.

పుట్టిన ఊరు గార్టన్, కొండల నడుమ చెరువు ఒడ్డు. సంవత్సరం 521 అని సంప్రదాయం. తండ్రి ఫెడ్లిమిడ్, తల్లి ఎథ్నె. వాళ్ళది చిన్న కుటుంబం కాదు. ఆ ప్రాంతాన్నంతా ఏలిన కోనల్ వంశం వాళ్ళది. ఇప్పటికీ ఆ కౌంటీని ఐరిష్ భాషలో కోనల్ భూమి అని పిలుచుకుంటారు. ఆ వంశం నుండి ఐర్లండ్ మొత్తానికి రాజులయ్యారు. పిల్లవాడు కత్తి పట్టి ఉంటే సింహాసనం దాకా వెళ్ళగల పుట్టుక అది. కానీ తల్లిదండ్రులు అతణ్ణి క్రుయిత్నెకాన్ అనే పాదిరి గారి చేతిలో పెట్టారు. పిల్లల్ని వేరే ఇంట పెంపకానికి ఇవ్వడం అక్కడి ఆచారం. ఆ పాదిరి గారి దగ్గరే అతడు అక్షరాలూ కీర్తనలూ నేర్చుకున్నాడు.

పేరు గురించి ఒక మాట చెప్పాలి. ఆయన మొదటి పేరు క్రిమ్తన్ అనీ, ఆ మాటకు నక్క అని అర్థమనీ పాత కథనం. తర్వాత ఆయనకు స్థిరపడిన పేరు కోలమ్ కిల్లె, అంటే సంఘపు పావురం. లాటిన్‌లో కొలంబా అన్నా పావురమే. నక్క పోయి పావురం వచ్చిందని ప్రసంగంలో చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ ఆయన బ్రతుకు చూస్తే నలభయ్యేళ్ళ వరకూ రెండూ ఆయనలో కలిసే ఉన్నాయేమోననిపిస్తుంది.

ఆయన పెద్దవాడై మంచి గురువుల దగ్గర చదివాడు. ఫినియన్ అనే గొప్ప బోధకుని దగ్గర లేఖనాలు, లెన్స్టర్ ప్రాంతంలో గెమ్మన్ అనే వృద్ధుని దగ్గర చదువు. అభిషేకం పొంది తిరిగి ఉత్తరానికి వచ్చాడు. ఫాయిల్ నది ఒడ్డున ఓక్ చెట్ల తోపులో ఆయన 546లో మఠం స్థాపించాడని చెబుతారు. ఆ తోపు పేరే డెర్రీ. ఈ రోజు అది ఉత్తర ఐర్లండ్‌లో రెండవ పెద్ద నగరం. ఆ చెట్లమీద ఆయనకు ఎంత మమకారమంటే, ప్రార్థనాలయం కట్టేటప్పుడు కూడా వాటిని నరకడానికి ఒప్పుకోలేదని ఆ ప్రాంతంలో అనుకుంటారు.

అన్నింటికంటే ఆయనకు పుస్తకాల మీద ప్రాణం. అచ్చుయంత్రం రావడానికి ఇంకా తొమ్మిది వందల ఏళ్ళుంది. లేఖన భాగం ఒకటి కావాలంటే ఎవరో ఒకరు చేత్తో రాయాలి, అదీ దూడ తోలును సున్నపు నీటిలో నానబెట్టి, గీకి, సాగదీసి ఎండబెట్టిన పుటల మీద. ఒక పుస్తకానికి ఎన్ని దూడలు కావాలో ఆలోచించండి. ఇంట్లో నాలుగు బైబిళ్ళుండి ఒక్కటీ తెరవని మనకు ఆ ఆకలి అర్థం కావడం కష్టమే.

ఆ ఆకలే గొడవకు కారణమైందని ప్రసిద్ధమైన కథ. ఫినియన్ దగ్గరికి కొత్తగా ఒక కీర్తనల గ్రంథం వచ్చింది. కొలంబా దాన్ని రాత్రిపూట గుడిలో రహస్యంగా నకలు తీశాడు. దీపం లేకపోయినా ఆయన ఎడమచేతి వేళ్ళే వెలుగిచ్చాయని కథకులు కలిపారు. సంగతి తెలిసి ఫినియన్ నకలు తనకే చెందాలన్నాడు. దేవుని వాక్యం నకలు తీస్తే పుస్తకానికి తరుగు లేదు, అది అందరికీ అందాలి కదా అన్నది కొలంబా వాదం. తగవు తారా రాజు డియర్మిడ్ దగ్గరకు వెళ్ళింది. ఆవు ఎవరిదైతే దూడ వారిదే అయినట్టు, పుస్తకం ఎవరిదైతే నకలూ వారిదేనని రాజు తీర్పు చెప్పాడు. దూడ తోలు మీద రాసిన పుస్తకానికి ఆవు దూడల న్యాయం. ఈ కాలపు పుస్తక హక్కుల లాయర్లు ఈ తీర్పును ఇప్పటికీ ఇష్టంగా తలుచుకుంటారు.

అదే సమయంలో మరో గాయం. కోనాక్ట్ రాజు కొడుకు కుర్నాన్ ఆటలో జరిగిన గొడవలో ఒకణ్ణి చంపి, కొలంబా శరణు కోరి వచ్చాడు. డియర్మిడ్ మనుషులు ఆ యువకుణ్ణి ఆయన చేతుల్లోనుండి లాక్కుపోయి చంపారు. కొలంబా తన వంశంవారిని కదిలించాడు. 561లో స్లైగో ప్రాంతంలో బెన్‌బల్బెన్ కొండ పాదాల దగ్గర, కూల్ డ్రెవ్నె అనే చోట యుద్ధం జరిగింది. డియర్మిడ్ ఓడాడు. అవతలి పక్షంలో మూడు వేలమంది చనిపోయారని తర్వాతి కథనాలు చెబుతాయి.

ఇక్కడ మనం కాస్త ఆగి, ఏది చరిత్ర, ఏది కథ అని వేరు చేసుకోవాలి. యుద్ధం జరగడం నిజం, దాని పేరు ఐరిష్ వార్షిక చరిత్రల్లో ఉంది. గెలిచింది కొలంబా బంధువులన్నది నిజం. కానీ నకలు తీసిన పుస్తకం కథ మనకు వివరంగా దొరికేది దాదాపు వెయ్యేళ్ళ తర్వాత, 1532లో మానస్ ఓ'డొనెల్ అనే డోనెగల్ ప్రభువు లిఫర్డ్ దగ్గరి తన కోటలో రాయించిన జీవిత చరిత్రలో. కొలంబా పోయిన వంద సంవత్సరాలకు ఆయన జీవితం రాసిన అడొమ్నాన్ పుస్తకపు గొడవ ఎత్తనే లేదు. యుద్ధం జరిగిన రెండేళ్ళకు కొలంబా ఓడెక్కాడని మాత్రం రాశాడు. మరోచోట, చిన్న కారణానికి, క్షమించదగిన విషయానికి ఒక సభలో ఆయనను సంఘం నుండి వెలివేశారనీ, అది అన్యాయమని తర్వాత తేలిందనీ రాశాడు. ఏ కారణమో చెప్పలేదు. తన మఠ స్థాపకుని గురించి రాసే శిష్యుడు ఇలా గబగబా దాటిపోతే, అక్కడ ఏదో నొప్పి ఉందని పాఠకుడు గ్రహిస్తాడు.

ఆ సభ టాల్టిన్‌లో జరిగింది. కొలంబా లోపలికి వస్తుంటే ఎవరూ లేవలేదు. బిర్ ఊరి మఠాధిపతి బ్రెండన్ ఒక్కడే లేచి ఎదురెళ్ళి ఆయనను ముద్దుపెట్టుకున్నాడు. తక్కినవారు కోప్పడ్డారు. వెలివేసినవాణ్ణి ఎలా గౌరవిస్తావన్నారు. ఈ మనిషి ముందు అగ్నిలాంటి వెలుగు స్తంభం, వెంట దేవదూతలు నడుస్తుండగా తాను చూశానని బ్రెండన్ జవాబు. వెలి తీసేశారు. మా దృష్టిలో ఈ కథలో కొలంబా అంతటివాడే బ్రెండన్.

ఎందుకంటే మేము అలాంటి సభలో కూర్చున్నాం. ఏళ్ళ క్రితం ఒక సంఘంలో ప్రార్థనా మందిరం పక్కనున్న స్థలం గురించి రెండు కుటుంబాల మధ్య తగవు వచ్చింది. ఇద్దరివీ మూడు తరాల విశ్వాసపు ఇళ్ళు. పరిష్కరించమని మమ్మల్ని పిలిచారు. మూడో రోజుకు ఒక పక్షానిదే న్యాయమని మాకు నమ్మకం కుదిరింది. అది చెప్పి ఊరుకుంటే సరిపోయేది. మేము అవతలి పెద్దాయన గురించి అనకూడని మాట ఒకటి అందరి ముందు అన్నాం. ఆ సాయంత్రమే సంఘం రెండుగా చీలింది. ఈనాటికీ ఆ ఊళ్ళో ఆదివారం రెండు చోట్ల గంట మోగుతుంది. కత్తులు లేవు, చావులు లేవు. అయినా కూల్ డ్రెవ్నె పేరు చదివిన ప్రతిసారీ మాకు ఆ రెండు గంటలే వినిపిస్తాయి. కొలంబా వాదంలో న్యాయం ఉందా అంటే ఉంది. కుర్నాన్ విషయంలో ఇంకా ఎక్కువ ఉంది. న్యాయం తన పక్షాన ఉన్నప్పుడే మనిషి నిర్భయంగా కోపానికి లోబడతాడు.

563లో, నలభై రెండేళ్ళ వయసులో, పన్నెండుగురు సహచరులతో ఆయన ఓడెక్కాడు. ఓడ అంటే పుల్లలతో అల్లిన చట్రం మీద పశువుల తోలు బిగించిన పడవ. తుంగభద్ర మీద తిరిగే మన పుట్టి ఎలా కడతారో అదే పద్ధతి, కాకపోతే ఇది పొడవుగా, తెరచాపతో ఉంటుంది. దాంతో సముద్రం దాటాలి. చనిపోయినంతమంది ఆత్మలను రక్షణలోకి నడిపించే వరకు తిరిగి రాకూడదనీ, ఐర్లండ్ నేల మళ్ళీ చూడకూడదనీ ఆయనకు ప్రాయశ్చిత్తం విధించారని తర్వాతి కథనం. అడొమ్నాన్ మాత్రం క్రీస్తు నిమిత్తం పరదేశిగా బ్రతకాలని తానే కోరి వెళ్ళాడంటాడు. రెండూ నిజమై ఉండవచ్చు. ఒక మనిషి ఒకే పడవలో పశ్చాత్తాపంతోనూ పిలుపుతోనూ ఎక్కవచ్చు.

తేటగా ఉన్న రోజున డోనెగల్‌లోని ఇనిషోవెన్ కొసన నిలబడితే సముద్రానికి అవతల స్కాట్లాండ్ ద్వీపాలు కనిపిస్తాయి. అంటే అవతలి నుండి చూస్తే ఇవతలి తీరమూ కనిపిస్తుంది. కథ ప్రకారం ఆయన ఒక ద్వీపంలో దిగి, వెనక్కి చూస్తే ఐర్లండ్ కనబడిందని మళ్ళీ పడవెక్కాడు. ఐయోనాలో దిగి కొండెక్కి చూసి, ఇక కనబడటం లేదని నిశ్చయమయ్యాకే అక్కడ ఉండిపోయాడు. ఐర్లండ్‌కు వీపు తిప్పిన గుట్ట అని ఆ దిబ్బకు ఇప్పటికీ పేరు.

ఆయన విడిచిన ఆ తీరానికి వీడ్కోళ్ళు తర్వాత అలవాటైపోయాయి. 1607లో స్విల్లీ సముద్రపాయ ఒడ్డున రాత్‌మల్లన్ నుండి ఉత్తర ఐర్లండ్ ప్రభువులు ఓ'నీల్, ఓ'డొనెల్ కుటుంబాలతో సహా ఓడెక్కి యూరప్‌కు పోయారు, తిరిగి రాలేదు. ఆ ఓ'డొనెల్‌లు కొలంబా వంశమే. వాళ్ళ భూముల్లో స్కాట్లాండ్ నుండి వచ్చిన ప్రెస్బిటేరియన్లను స్థిరపరిచారు. ఆ సంఘాల్లో, రామెల్టన్ దగ్గర, 1658 ప్రాంతంలో పుట్టినవాడే ఫ్రాన్సిస్ మకెమీ. ఆయన 1683లో అమెరికా వెళ్ళి, 1706లో ఫిలడెల్ఫియాలో ఆ దేశపు మొదటి ప్రెస్బిటరీ ఏర్పడటానికి కారకుడయ్యాడు. మరుసటి సంవత్సరం అనుమతి లేకుండా ప్రసంగించాడని న్యూయార్క్‌లో ఆయనను చెరలో వేశారు. నిర్దోషి అని తేలింది. అయినా కోర్టు ఖర్చులు ఆయన చేతనే కట్టించారు.

ఆ తర్వాత బంగాళాదుంప కరువు. 1841లో డోనెగల్ జనాభా మూడు లక్షలకు కొంచెం తక్కువ. 2022 జనగణనలో 1,67,000 చిల్లర. 1861 ఏప్రిల్‌లో జాన్ జార్జ్ అడైర్ అనే భూస్వామి, గార్టన్ పక్కనే ఉన్న డెర్రీవేలో 244 మందిని ఇళ్ళనుండి గెంటించి ఇళ్ళు కూలగొట్టించాడు. వారిలో చాలామంది యువకులు ఆస్ట్రేలియా ఓడ ఎక్కారు. గార్టన్‌లో ఒక రాతిపలక ఉంది. కొలంబా దానిమీద పడుకున్నాడని జనం నమ్మకం. వలస వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు ఆ రాయి మీద పడుకుంటే ఇంటి బెంగ బాధించదని అనుకునేవారు. దాని పేరే బెంగ రాయి. మనం ప్రొటెస్టెంట్లం, రాళ్ళలో మహిమ వెదకం. గ్లెన్‌కోలమ్‌కిల్ లోయలో జూన్ 9న పదిహేను మజిలీలు తిరిగి రాళ్ళ దగ్గర జపించే ఆచారాన్ని కూడా మనం పాటించం. కానీ మర్నాడు ఓడెక్కబోతూ చీకట్లో ఒక రాయిమీద వెన్ను ఆనించిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి తలుచుకుంటే, దిద్దడానికి మాకు నోరు రాదు.

ఆ రాయి కొలంబాకే పని చేయలేదు. ఐయోనాలో ముప్పై నాలుగేళ్ళు ఉన్నా ఆయనకు బెంగ తగ్గలేదు. అడొమ్నాన్ రాసిన వాటిలో మాకు ఎంతో ఇష్టమైన సంఘటన ఒకటుంది. ఒకరోజు కొలంబా ఒక సహోదరుణ్ణి పిలిచి, మూడో రోజున ద్వీపానికి పడమటి ఒడ్డున కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఉత్తర ఐర్లండ్ నుండి ఒక కొంగ గాలికి కొట్టుకుని అలసిపోయి వచ్చి పడుతుంది, దాన్ని జాగ్రత్తగా ఎత్తుకుని దగ్గరి ఇంటికి తీసుకెళ్ళి మూడు రోజులు మేపాలి, బలం వచ్చాక అది తిరిగి వెళ్ళిపోతుంది అన్నాడు. ఇంత శ్రద్ధ ఎందుకంటే, అది మన ఊరి వైపు నుండి వస్తోందన్నాడు. కొంగ వచ్చింది, మేపారు, మూడో రోజు అది కాసేపు పైకి లేచి దారి చూసుకుని ఐర్లండ్ వైపు తిన్నగా ఎగిరిపోయింది. వెళ్ళలేని మనిషి వెళ్ళగలిగే పక్షిని మేపించి పంపాడు.

ఐయోనా చిన్న ద్వీపం, అయిదు కిలోమీటర్లు పొడవు, రెండు కూడా ఉండదు వెడల్పు. అక్కడ కొలంబా మఠాధిపతే గానీ పడక మాత్రం బండరాయి, తలకింద మరో రాయి. సహోదరులు దున్నేవారు, పాలు పితికేవారు, చేపలు పట్టేవారు, రాసేవారు. ఆయన ఒక్క గంటైనా ప్రార్థన, చదువు, రాత, మరో పని ఏదీ లేకుండా గడపలేదని అడొమ్నాన్ సాక్ష్యం. బైథీన్ అనే శిష్యుడు కీర్తనల గ్రంథం నకలు ముగించి తప్పులు దిద్దడానికి ఎవరినైనా ఇవ్వమని అడిగితే, ఒకే ఒక్క చోట 'ఐ' అక్షరం జారిపోయింది, తక్కినదంతా సరిగ్గా ఉందని కొలంబా చెప్పాడట. వెతికితే అంతే ఉంది. పుస్తకం గురించి యుద్ధం చేశాడని పేరుపడ్డ మనిషి పుస్తకాలు మానలేదు. ఈసారి తనకోసం దాచుకోలేదు. అక్కడ రాసినవి స్కాట్లాండ్‌కూ, తర్వాత ఉత్తర ఇంగ్లండ్‌కూ వెళ్ళిన సువార్తికుల వెంట నడిచాయి.

పిక్టుల రాజు బ్రూడ్ కోట ఇన్వర్నెస్ దగ్గర. కొలంబా లోయల వెంట అక్కడిదాకా వెళ్ళాడు. మూసిన తలుపులు తెరుచుకున్న సంగతి, నెస్ నదిలో మృగాన్ని సిలువ గుర్తుతో వెళ్ళగొట్టిన సంగతి అడొమ్నాన్ చెప్పాడు. పర్యాటకులు వెతుకుతూ పోయే నెస్ సరస్సు జంతువు పుకారుకు ఇదే మూలమంటారు. వాటిని మేము ప్రసంగాల్లో వాడం. లిబ్రాన్ కథ మాత్రం చాలాసార్లు చెప్పాం.

లిబ్రాన్ కోనాక్ట్ మనిషి. ఒకణ్ణి చంపి సంకెళ్ళలో పడ్డాడు. ధనికుడైన ఒక బంధువు సొమ్ము కట్టి విడిపించాడు. బ్రతికినంత కాలం నీకు సేవ చేస్తానని ఒట్టు పెట్టుకున్న లిబ్రాన్ కొద్ది రోజులకే ఒట్టు తప్పి పారిపోయి, పాపం ఒప్పుకోవడానికి ఐయోనా చేరాడు. రక్తమంటిన చేతులతో వచ్చినవాణ్ణి చూసి కొలంబా ఏమనుకున్నాడో ఎవరూ రాయలేదు. ఏం చేశాడో రాశారు. టైరీ ద్వీపంలోని మఠంలో ఏడేళ్ళు పనిచేస్తూ పశ్చాత్తాపపడమన్నాడు. ఏడేళ్ళయ్యాక బల్లలో చేరనిచ్చాడు. అంతటితో వదల్లేదు. నీ యజమాని దగ్గరికి తిరిగి వెళ్ళి అప్పు తీర్చుకో అని, ఇవ్వడానికి దంతపు పనితనం ఉన్న ఒక కత్తిని చేతిలో పెట్టి పంపాడు. యజమాని భార్య ఆ కత్తి తీసుకోనివ్వలేదు, ఊరికే విడుదల చేయించింది. పుచ్చుకున్న క్షమాపణ మనుషుల దగ్గరి లెక్కను కొట్టివేయదని ఆయనకు తెలుసు. చచ్చిపోయిన మూడు వేలమందికి తిరిగి ఇవ్వడానికి ఆయన దగ్గర ఏ కత్తీ లేదు.

ఐర్లండ్ మళ్ళీ చూడలేదన్నది కథే. ఆయన పనిమీద తిరిగి వచ్చాడు, 575 ప్రాంతంలో లిమవాడి దగ్గర డ్రమ్ కెట్ సభకు రాజులతో కలిసి కూర్చున్నాడు. ఒట్టు తప్పకూడదని కళ్ళకు గంత కట్టుకుని, కాళ్ళకింద స్కాట్లాండ్ గడ్డిపెళ్ళలు కట్టుకుని వచ్చాడని డోనెగల్ జనం సర్దుకున్నారు. ఆ సర్దుబాటులో ప్రేమ ఉంది.

597 జూన్ 8, శనివారం. ఆయన వయసు డెబ్బై ఆరు. ధాన్యపు కొట్టు చూసి దీవించి, వృద్ధాప్యం వల్ల దారిలో కూర్చున్నాడు. మఠానికి పాలు మోసే తెల్లగుర్రం వచ్చి ఆయన రొమ్ముమీద తల ఆనించి కన్నీరు కార్చింది. సహాయకుడు తోలబోతే, వద్దు, ఏడ్వనీ అన్నాడు. తర్వాత గదిలో కూర్చుని కీర్తనల గ్రంథం నకలు రాశాడు. 34వ కీర్తన పదో వచనం ముగిసిన చోట కలం ఆపాడు. ఆ తర్వాతిది బైథీన్ రాయాలన్నాడు. పదకొండో వచనం పిల్లలను దగ్గరికి పిలిచి బోధించేది, రేపటి కాపరికి తగినది. అర్ధరాత్రి గంట మోగగానే అందరికంటే ముందు గుడిలోకి పరుగెత్తి, బలిపీఠం ముందు మోకరించి ఒరిగిపోయాడు. సహోదరులు దీపాలు తెచ్చేసరికి చివరి క్షణాలు. చేయి ఎత్తించగా దీవించి కన్నుమూశాడు. ఆ సంవత్సరమే రోమ్ పంపిన అగస్టీన్ దక్షిణ ఇంగ్లండ్‌లో కాంటర్బరీ చేరాడు.

ఆయన జీవితం రాసిన అడొమ్నాన్ కూడా కోనల్ వంశంవాడే, ఐయోనాకు తొమ్మిదో మఠాధిపతి. 697లో ఆయన ఐర్లండ్‌లోని బిర్ ఊళ్ళో, అంటే ఒకప్పటి బ్రెండన్ ఊళ్ళోనే, రాజులనూ మఠాధిపతులనూ సమకూర్చి ఒక చట్టం చేయించాడు. యుద్ధాల్లో స్త్రీలను, పిల్లలను, ఆయుధం పట్టని దైవసేవకులను చంపరాదని దాని సారం. తొంభైకి పైగా పెద్దలు పూచీ నిలిచారు. కూల్ డ్రెవ్నె యుద్ధానికీ ఈ చట్టానికీ మధ్య 136 ఏళ్ళు. ఒక్క కుటుంబంలో ఈ రెండూ జరిగాయి.

ఇక ఆ పుస్తకం. కొలంబా నకలు తీసిందని చెప్పే కీర్తనల గ్రంథం ఓ'డొనెల్‌ల దగ్గర తరతరాలుగా ఉండిపోయింది. పదకొండో శతాబ్దం చివర దానికి వెండి బంగారు పూతలతో పెట్టె చేయించారు. యుద్ధానికి ముందు సైన్యం చుట్టూ మూడుసార్లు మోయించేవారు. అందుకే దానికి కథఖ్ అని పేరు, యుద్ధం చేసేది అని అర్థం. పెట్టె తెరిస్తే అరిష్టమని నమ్మి శతాబ్దాలపాటు తెరవనే లేదు. ఒక దేవుని గ్రంథాన్ని చదవకుండా మోసుకు తిరిగారు. 1813లో చివరికి తెరిచి చూస్తే తేమకు అతుక్కుపోయిన తోలు పుటలు. ఇప్పుడు 58 మిగిలాయి, డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీలో ఉన్నాయి. ఐర్లండ్‌లో ఇప్పుడున్న కీర్తనల గ్రంథాల్లో ఇదే అన్నింటికంటే పాతది. ఆరో శతాబ్దం చివర లేదా ఏడో శతాబ్దం మొదట్లో రాసినదని పండితులు లెక్క వేశారు, కొలంబా చేతిరాతేనని నిరూపణ లేదు. మన బైబిలు లెక్కలో 31వ కీర్తన మధ్య నుండి 106వ కీర్తన దాకా మిగిలింది. 51వ కీర్తన అందులో ఉంది. బైథీన్‌కు ఆయన వదిలిన 34వ కీర్తన కూడా ఆ మిగిలిన భాగంలోనే ఉంది.